మీడియా మానిటరింగ్‌లో సెర్చ్ ఫిల్టర్లను సేవ్ చేయడం, మళ్లీ వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రికలను, వార్తా వెబ్‌సైట్లను, సామాజిక మాధ్యమాలను రోజూ గాలించవలసిన పౌర సంబంధాల అధికారులు, స్వచ్ఛంద సంస్థల సమాచార బృందాలు, పరిశోధకులు, ప్రవాస తెలుగు సంఘాల కార్యకర్తలు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లోని సేవ్డ్ ఫిల్టర్ల గురించి అవే సందేహాలను పదే పదే అడుగుతున్నందున ఈ పేజీని తయారుచేశాము. పని దశలను బట్టి ప్రశ్నలను విభజించాము. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా విశాఖ ఉక్కు కర్మాగారం వార్తల నుంచి తీసుకున్నాము, ఎందుకంటే ఒకే సంస్థను తెలుగు పత్రికలు ఎన్ని పేర్లతో పిలుస్తాయో, ఆ పేర్లు ఎన్ని వేరే అర్థాలతో కలిసిపోతాయో ఇంత బాగా చూపే అంశం అరుదు. యాండ్ (రెండు పదాలూ ఉండాలి), ఆర్ (ఏదో ఒకటి ఉంటే చాలు), నాట్ (ఆ పదం ఉన్న వార్త వద్దు) అనే సంధాయక పదాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాము. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో టైప్ చేయాలి.

## మొదలుపెట్టే ముందు

ఫిల్టర్ సేవ్ చేస్తే అసలు ఏది సేవ్ అవుతుంది? వార్తలా, నేను వెతికిన పదాలా?

సేవ్ అయ్యేది షరతులు మాత్రమే: కీవర్డ్‌లు, పత్రికల జాబితా, భాష, ప్రాంతం, కాలవ్యవధి, వరుసక్రమం. ఫిల్టర్‌ను తెరిచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఆ షరతులతో కొత్తగా వెతుకుతుంది. కాబట్టి పత్రిక తన వెబ్‌సైట్ నుంచి తొలగించిన వార్త, లేదా మీ చందా అనుమతించే కాలానికి ముందు వచ్చిన వార్త, ఫిల్టర్ ఎంత చక్కగా ఉన్నా మళ్లీ కనిపించకపోవచ్చు. రేపు ఆధారంగా చూపవలసి వస్తుందనుకున్న వార్తను ఆ రోజే క్లిప్పింగ్‌గా విడిగా దాచుకోవాలి.

రోజూ టైప్ చేసేది నాలుగు పదాలే కదా, దానికి సేవ్ చేయడం ఎందుకు?

సమయం ఆదా కావడం చిన్న ప్రయోజనమే. అసలు ప్రయోజనం ఏమిటంటే, నిన్న వెతికినదీ ఈరోజు వెతికినదీ ఒకే ప్రశ్న అవుతుంది. జ్ఞాపకం మీద ఆధారపడి టైప్ చేసేవారు ఒకరోజు "వైజాగ్ స్టీల్" అని, మరొకరోజు "విశాఖ స్టీల్" అని వెతుకుతారు. అప్పుడు వార్తలు తగ్గాయో, తాము వెతికిన పదం మారిందో చెప్పలేరు. పైగా "ఈ వార్త మన దృష్టికి ఎందుకు రాలేదు" అని పై అధికారి అడిగిన రోజున చూపించడానికి రాతపూర్వకమైన షరతు ఒకటి ఉండాలి.

గూగుల్ అలర్ట్స్ ఉచితంగా ఉండగా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అవసరమా?

ఒకటి రెండు పేర్లను గమనిస్తే చాలనుకునే చిన్న సంస్థకు అవసరం లేదు. ఎంచుకున్న మాట వెబ్‌లో కొత్తగా కనిపిస్తే మెయిల్ పంపే, 2003 నుంచి ఉన్న గూగుల్ అలర్ట్స్‌లో భాష, ప్రాంతం, మూలాల రకం ఎంచుకోవచ్చు. కనిపించిన వెంటనే పంపాలో, రోజుకోసారో, వారానికోసారో కూడా చెప్పవచ్చు. అయితే ముద్రిత జిల్లా పేజీలు, టీవీ బులెటిన్లు, గడిచిన నెలలతో పోలిక, బృందంతో కలిసి వాడుకునే సౌకర్యం అందులో ఆశించలేము. ఉచిత సేవతోనే మొదలుపెట్టి, వాడిన షరతును ఒక ఫైలులో రాసి ఉంచుకుంటే, తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినా ఆ శ్రమ వృథా కాదు.

పత్రిక పేరును కీవర్డ్‌గా పెడితే తప్పేమిటి?

తెలుగులో తప్పే. ఈనాడు, సాక్షి, వార్త, వెలుగు, సూర్య అన్నవి పత్రికల పేర్లే కాక నిత్యం వాడే మాటలు కూడా. "సాక్షి" అని కీవర్డ్ పెట్టెలో రాస్తే కోర్టులో సాక్షి వాంగ్మూలం ఇచ్చిన ప్రతి కేసూ వస్తుంది. పత్రిక పేరును మూలం అనే పెట్టెలో, జాబితా నుంచి ఎంచుకోవాలి.

## ఫిల్టర్ కట్టేటప్పుడు

"ఉక్కు" అని పెడితే సంబంధం లేనివన్నీ వచ్చి పడుతున్నాయి. ఎలా కట్టాలి?

ఆ మాటను పత్రికలు లోహానికి మాత్రమే వాడవు. గంజాయి ముఠాలపై ఉక్కుపాదం మోపుతామన్న పోలీసు అధికారి ప్రకటన, పటేల్ జయంతినాటి ఉక్కుమనిషి వ్యాసం, ఎవరిదో ఉక్కు సంకల్పం, అన్నీ వస్తాయి. నిజంగా కర్మాగారాల వార్తలే తీసుకున్నా అన్నీ విశాఖవి కావు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్ సాధ్యాసాధ్యాలు పరిశీలించమన్న రెండు కర్మాగారాలు "కడప ఉక్కు", "బయ్యారం ఉక్కు" అన్న పేర్లతో నేటికీ వార్తల్లో ఉన్నాయి. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ప్రతిపాదించిన ప్రైవేటు కర్మాగారం ఇటీవల వాటికి తోడయింది.

అందువల్ల షరతును రెండు గుంపులుగా కట్టాలి. మొదటి గుంపు స్థలానిది: (విశాఖ ఆర్ విశాఖపట్నం ఆర్ వైజాగ్ ఆర్ గాజువాక ఆర్ కూర్మన్నపాలెం). రెండోది వస్తువుది: (ఉక్కు ఆర్ "స్టీల్ ప్లాంట్" ఆర్ "స్టీల్ ప్లాంటు"). ఈ రెండింటినీ యాండ్‌తో కలపాలి. వేరే అర్థానికి తావులేని పేర్లను, అంటే కర్మాగారాన్ని నడిపే సంస్థ "రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్", దాని పొడి పేరు ఆర్ఐఎన్ఎల్, దాని ఉద్యోగుల నివాస ప్రాంతం ఉక్కునగరం వంటివాటిని, ఏ గుంపుతోనూ ముడిపెట్టకుండా మరొక ఆర్‌తో చేర్చాలి. కుండలీకరణాలు తప్పనిసరి. అవి లేకపోతే యాండ్, ఆర్‌లలో దేన్ని ముందు లెక్కించాలన్నది సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్లు నిర్ణయించుకుంటుంది. రెండు పదాలు ఒకదానికొకటి ఇన్ని మాటల దూరంలో ఉండాలని చెప్పే వీలుంటే దాన్ని కూడా వాడాలి. లేకపోతే పేజీలో ఒక మూల విశాఖ, మరో మూల ఉక్కుపాదం ఉన్నా షరతు నెరవేరినట్లే.

అనవసరమైన పదాలన్నిటికీ నాట్ పెట్టి తీసేయవచ్చు కదా?

ఫిల్టర్లలో అతి ప్రమాదకరమైనది నాట్, ఎందుకంటే అది చేసిన తప్పు కంటికి కనిపించదు. ఉక్కుపాదం వార్తల బెడద వదిలించుకోవడానికి "నాట్ ఉక్కుపాదం" అని రాశారనుకుందాం. కార్మికుల నిరసనను పోలీసులు అడ్డుకున్న రోజున "ఉక్కు ఉద్యమంపై ఉక్కుపాదం" అని శీర్షిక పెట్టాలని ఏ ఉప సంపాదకుడికైనా తోస్తుంది. ఆ ప్రాస మీద తెలుగు పత్రికలకు ఉన్న మమకారం తెలిసినదే. మీరు అన్నిటికంటే ముందు చూడవలసిన వార్త ఆ ఉదయం మీ జాబితాలో ఉండదు, ఉండలేదన్న సంగతి కూడా మీకు తెలియదు. నాట్ పెట్టిన పదం వ్యాసం చివరి పేరాలో ఒక్కసారి కనిపించినా వ్యాసం మొత్తం పోతుంది.

అనవసరమైన వార్త ఒకటి వస్తే దాటవేయడానికి రెండు క్షణాలు పడుతుంది, అవసరమైనది పోతే దానికి పరిహారం లేదు. అందుచేత కొంత చెత్తను భరించడమే మేలని మా అభిప్రాయం. నాట్ తప్పదనుకుంటే, సేవ్ చేయకముందు దాని స్థానంలో యాండ్ పెట్టి గడిచిన నెలరోజులకు వెతకండి. ఆ జాబితాలో కనిపించేవన్నీ మీరు పోగొట్టుకోబోతున్న వార్తలు. వాటిలో అవసరమైనది ఒక్కటి ఉన్నా నాట్‌ను వదిలేయండి. శీర్షికకు మాత్రమే పరిమితం చేసిన నాట్, లేదా ఒక మూలాన్ని మాత్రమే తొలగించే నాట్ అంత హాని చేయవు.

ఒకే మాటను పత్రికలు నాలుగు రకాలుగా రాస్తున్నాయి. అన్నీ పెట్టాలా?

పెట్టాలి. స్టీల్ ప్లాంట్, స్టీల్ ప్లాంటు, స్టీల్‌ప్లాంట్, స్టీల్‌ప్లాంటు అన్నవి మనకు ఒకటే అయినా యంత్రానికి నాలుగు. కొవిడ్, కోవిడ్ విషయంలోనూ ఇదే జరిగింది. వీటికంటే చిక్కైనది కంటికి కనిపించని తేడా. ల్ తరువాత ప్ వచ్చినప్పుడు అవి ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి టైప్ చేసేవారు మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తును చేర్చుతారు. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఆర్‌ఐఎన్‌ఎల్ వంటి పొడి అక్షరాల్లో ఆ గుర్తు ఉన్నా లేకపోయినా తెరపై రూపం ఒకటే. ఒక పత్రిక దాన్ని పెడుతుంది, మరొకటి పెట్టదు, గుర్తును పట్టించుకునే సాఫ్ట్‌వేర్ సగం వార్తలను వదిలేస్తుంది.

దీనికి సులువైన మార్గం ఉంది. మీరు గమనించే ప్రతి పత్రిక వెబ్‌సైట్ నుంచి ఆ మాటను కాపీ చేసి, కొత్తగా టైప్ చేయకుండా, ఒక్కొక్కటిగా సెర్చ్ పెట్టెలో అతికించి చూడండి. ఫలితాల సంఖ్య మారితే ఆ రూపాలన్నిటినీ ఆర్‌తో చేర్చండి. సంఖ్య మారకపోతే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును తానే తీసేస్తోందని అర్థం.

విభక్తులు చేరితే పదం దొరకడం లేదు. నక్షత్రం గుర్తు పెడితే సరిపోతుందా?

మాట చివర నక్షత్రం (*) పెడితే ఆ తరువాత ఏ అక్షరాలు చేరినా దొరుకుతుంది. చాలావరకు అది సరిపోతుంది, కానీ ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. "కర్మాగారం" చివర నక్షత్రం పెడితే "కర్మాగారంలో" దొరుకుతుంది, "కర్మాగారానికి" దొరకదు. సున్నాను వదిలేసి "కర్మాగార" అన్నంతవరకు రాసి గుర్తు పెడితే రెండూ దొరుకుతాయి. "కార్మిక" వరకు రాస్తే కార్మికుడు, కార్మికులు, కార్మికులకు అన్నీ వస్తాయి. మరీ ముందుకు కోస్తే మాత్రం ఇబ్బంది. మంత్రి, మంత్రులు రెండూ రావాలని "మంత్ర" దగ్గర ఆపితే మంత్రదండాలూ వస్తాయి, "మంగళ" దగ్గర ఆపితే మంగళగిరితో పాటు ప్రతి మంగళవారమూ వస్తుంది. నీరు, నీటి, నీళ్లు లేదా రైలు, రైళ్లు వంటి మాటల్లో మూలమే మారిపోతుంది కనుక ఆ రూపాలను విడివిడిగా రాయక తప్పదు. ఇంగ్లిష్ పదాల మూలరూపాన్ని తానే గుర్తించే సాఫ్ట్‌వేర్ తెలుగుకు కూడా ఆ పని చేస్తుందని అనుకోవద్దు, పరీక్షించి చూడండి. కొన్నింట్లో కొటేషన్ గుర్తుల లోపల నక్షత్రం పనిచేయదు.

శీర్షికల్లో పార్టీ పేరుకు బదులు గుర్తు పేరే ఉంటోంది. దాన్ని కూడా చేర్చాలా?

వద్దు. కారు, సైకిల్, ఫ్యాను, కమలం అని శీర్షికలు నడుస్తాయి నిజమే, కానీ "కారు" అన్న మాట రోడ్డు ప్రమాదాలతో పాటు "అర్హులు కారు" అన్న వాక్యాన్ని కూడా పట్టుకొస్తుంది. శీర్షికకే పరిమితం చేయకుండా వార్త మొత్తంలో వెతికితే, మొదటి రెండు పేరాల్లో పార్టీ అసలు పేరు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

ఇంగ్లిష్ వార్తలు కూడా అదే ఫిల్టర్‌లో రావాలా?

రెండు ఫిల్టర్లు చేసుకోవడం మంచిది. ఒకే దానిలో కలిపితే ఇంగ్లిష్ వార్తా సంస్థల కథనం పదుల సైట్లలో పునరావృతమై, తెలుగు జిల్లా పేజీలో వచ్చిన ఒకే ఒక్క అసలు కథనం కిందికి జారిపోతుంది. సామాజిక మాధ్యమాల్లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో రాసేవారి కోసం మూడోది అవసరం కావచ్చు. అందులో అక్షరక్రమం ఎవరి ఇష్టం వారిది కాబట్టి దాని నుంచి పూర్తి ఫలితాలు ఆశించకూడదు.

మాది అమెరికాలోని తెలుగు సంఘం. మా పేరుతో వెతికితే సంబంధం లేనివి వస్తున్నాయి. ఏం చేయాలి?

పొడి అక్షరాల పేర్లు తెలుగు మాటలతో కలిసిపోవడమే కారణం. "తానా" అని వెతికితే, నాయకుడు తానా అంటే అనుచరులు తందానా అంటున్నారన్న రాజకీయ విమర్శలన్నీ వస్తాయి. "ఆటా" అంటే ఆటా పాటా వచ్చి చేరుతుంది. పొడి పేరును ఒంటరిగా వదలకుండా (అమెరికా ఆర్ ప్రవాస ఆర్ ఎన్నారై ఆర్ మహాసభలు) అన్న గుంపుతో యాండ్ చేసి, "ఉత్తర అమెరికా తెలుగు సంఘం" వంటి పూర్తి పేరును విడిగా ఆర్‌తో చేర్చండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పత్రికల్లో ప్రవాసుల వార్తలకు ప్రత్యేక విభాగం ఉంటే దాన్ని మూలంగా ఎంచుకోవడం ఇంకా సులువు.

## సేవ్ చేసేటప్పుడు

ఫిల్టర్‌కు ఏం పేరు పెట్టాలి?

ఏ విషయం, ఏ భాష, ఏ మూలాలు, ఎప్పటి రూపం అన్నవి పేరులోనే తెలియాలి: "విశాఖ ఉక్కు, తెలుగు, ముద్రిత పత్రికలు, 2025 జనవరి" అన్నట్లు. "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2" అన్న పేర్లు పెట్టినవారికి కూడా కొన్నాళ్లకు అర్థం కావు. విషయం పేరు ముందు రాస్తే జాబితాలో సంబంధించినవన్నీ పక్కపక్కన కూర్చుంటాయి.

తేదీలతో సహా సేవ్ చేయాలా?

రోజువారీ పనికి కట్టిన ఫిల్టర్‌లో స్థిరమైన తేదీలు ఉండకూడదు. "గత 24 గంటలు", "గత 7 రోజులు" వంటి కదిలే వ్యవధిని ఎంచుకోవాలి. ఒక ఘటనపై నివేదిక కోసం కట్టినదానికి మాత్రం స్థిరమైన తేదీలే సరైనవి.

కాలమానాన్ని కూడా చూసుకోండి. విదేశీ సాఫ్ట్‌వేర్లు కొన్ని గ్రీనిచ్ కాలమానంతో మొదలవుతాయి. మన కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కనుక, అక్కడ రోజు మారేసరికి మనకు ఉదయం 5:30 అవుతుంది. తెల్లవారకముందే వెబ్‌సైట్లలోకి ఎక్కే మన దినపత్రికల వార్తలు చాలావరకు నిన్నటి ఖాతాలో పడిపోతాయి. సెట్టింగుల్లో భారత కాలమానం ఎంచుకున్న తరువాతే ఫిల్టర్‌ను సేవ్ చేయాలి.

ఒకే పెద్ద ఫిల్టర్ మేలా, చిన్నచిన్నవి పది మేలా?

ఒక్కొక్క ఫిల్టర్ ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పేలా ఉండాలి. కర్మాగారం ఉత్పత్తి, కార్మిక సంఘాల ఆందోళన, పెట్టుబడుల ఉపసంహరణ అన్నవి చదివేవారు వేరు, స్పందించవలసిన తొందర వేరు. కాబట్టి మూడు చిన్న ఫిల్టర్లు ఉండాలి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండే పేర్ల గుంపును విడిగా దాచుకునే సౌకర్యం ఉంటే తప్పక వాడండి, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది.

వివరణ పెట్టెలో ఏం రాయాలి? ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?

ఖాళీగా వదిలేస్తే ఆరు నెలల తరువాత ఎవరో ఒకరు "కూర్మన్నపాలెం ఎందుకు పెట్టారో" అని దాన్ని తొలగిస్తారు. ఉక్కు పరిరక్షణ దీక్షా శిబిరం అక్కడ ఉండేదని, శిబిరం వార్తల్లో విశాఖ పేరు లేకుండా కూడలి పేరు మాత్రమే ఉండవచ్చని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పని చేయరు. చేర్చిన పదాలకంటే వదిలేసిన పదాలకు కారణం రాయడం ఇంకా ముఖ్యం. ఫిల్టర్ ఎవరి బాధ్యతో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో కూడా అక్కడే ఉండాలి.

సేవ్ చేయకముందే అది సరిగ్గా పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు ముందే తెలిసిన రోజులమీద పరీక్షించాలి. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో కేంద్రం వాటా మొత్తాన్ని ఉపసంహరించడానికి మంత్రివర్గ సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదించింది. ఆ తరువాతి వారాల్లో తెలుగు పత్రికలు ఆ అంశంతో నిండిపోయాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. మీ ఫిల్టర్ ఈ రెండు సందర్భాల్లోనూ వార్తల పెరుగుదలను చూపించాలి. చూపించకపోతే పదాల్లో లోపముంది. పాత కాలపు వార్తలు మీ చందాలో లేకపోతే, నిన్నటి ముద్రిత పత్రికను ముందు పెట్టుకుని, సంబంధిత వార్తలను పెన్సిలుతో గుర్తించి, వాటిలో ఎన్నింటిని ఫిల్టర్ పట్టుకుందో సరిచూడండి. వచ్చినవాటిలో మొదటి 50 చదివితే చెత్త ఎంతో తెలుస్తుంది, రానివాటి సంగతి మాత్రం పత్రికతో పోల్చితేనే తెలుస్తుంది.

## మళ్లీ వాడేటప్పుడు

పాత ఫిల్టర్‌ను తెరిచి ఒక పదం మార్చి వెతికాను. అసలుది మారిపోయిందా?

చాలా సాఫ్ట్‌వేర్లలో మళ్లీ సేవ్ నొక్కేవరకు మారదు. కొన్నింట్లో మాత్రం మార్పు తనంతట తానే నమోదవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ఏ రకమో తెలియకపోతే ముందు నకలు తీసుకుని, నకలులోనే ప్రయోగాలు చేయండి.

నిన్నటి తేదీకి నిన్న చూపిన సంఖ్య, ఈరోజు చూపిన సంఖ్య ఒకటిగా లేవు. ఏది నిజం?

రెండూ ఆయా సమయాలకు నిజమే. జిల్లా పేజీలు, ఈ-పేపర్లు సాఫ్ట్‌వేర్‌లోకి ఆలస్యంగా చేరతాయి, వెబ్‌సైట్లు కొన్ని వార్తలను తొలగిస్తాయి, పునరావృతాలను ఒకటిగా కలిపే పని తరువాత జరుగుతుంది. అందుకే నివేదికలో సంఖ్య పక్కన ఏ రోజు, ఏ గంటకు తీసినదో రాయడం అలవాటు చేసుకోవాలి. నెలవారీ లెక్కలను నెల ముగిసిన మరునాడే తీయకుండా కొద్ది రోజులు ఆగి తీస్తే ఈ తేడా తగ్గుతుంది.

ఈ-పేపర్‌లో వార్త కళ్ల ముందే ఉంది, ఫిల్టర్‌కు మాత్రం దొరకడం లేదు. ఎందుకు?

ఈ-పేపర్ పేజీ చాలాసార్లు బొమ్మ రూపంలో ఉంటుంది. బొమ్మ నుంచి అక్షరాలను గుర్తించే యంత్రం పోలికగల అక్షరాల దగ్గర, ఒత్తుల దగ్గర తడబడుతుంది. పేజీని యూనికోడ్ కాని పాత ఫాంటుతో కూర్చి ఉంటే, దానినుంచి వెలికితీసిన పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా మారుతుంది. ఫిల్టర్‌ను ఎంత మార్చినా ఈ లోపం తీరదు. అదే వార్త పత్రిక వెబ్‌సైట్‌లో ఉందేమో చూడండి. లేకపోతే ఆ జిల్లా పేజీలను మనిషి చదవడమే మార్గం. "ఉద్యమం", "కర్మాగారం" వంటి ఒత్తుల మాటలతో పాటు "విశాఖ", "గాజువాక" వంటి ఒత్తులు లేని మాటలను కూడా ఫిల్టర్‌లో ఉంచితే కొంత మేలు.

విశాఖకు కట్టిన ఫిల్టర్‌ను కడపకు వాడుకోవచ్చా?

చట్రాన్ని వాడుకోవచ్చు. నకలు తీసి, స్థలం గుంపును పూర్తిగా మార్చి, సంస్థ పేర్లను తీసేసి, వస్తువు గుంపును అలాగే ఉంచండి. కానీ అక్కడి కథ వేరు. విశాఖలో ఉన్న కర్మాగారాన్ని కాపాడుకునే మాటలు వస్తాయి, కడపలో శంకుస్థాపన, భూసేకరణ, హామీ అన్న మాటలు వస్తాయి. ఒక వారం కడప జిల్లా పేజీలు చదివి ఆ పదజాలాన్ని చేర్చిన తరువాతే సేవ్ చేయాలి.

అలర్టులు మరీ ఎక్కువగా వస్తున్నాయి. ఫిల్టర్‌ను బిగించాలా?

ముందు పంపే విధానాన్ని మార్చండి. వెంటనే తెలియవలసిన ఒకటి రెండు ఫిల్టర్లకే తక్షణ అలర్టు ఉంచి, మిగిలినవాటిని ఉదయం ఒక్క మెయిల్‌గా వచ్చేలా పెట్టుకోండి. ఒకే వార్త ప్రధాన సంచికలో, జిల్లా సంచికల్లో, వెబ్‌సైట్‌లో వచ్చినప్పుడు ఒకటిగా చూపే ఐచ్ఛికాన్ని తెరవండి. ఈ రెండూ చేసిన తరువాత కూడా భారం తగ్గకపోతేనే షరతుల జోలికి వెళ్లాలి.

మాకు వ్యతిరేకంగా వచ్చే వార్తలు మాత్రమే వచ్చేలా సేవ్ చేయవచ్చా?

చేయవచ్చు, చేయకపోవడం మంచిది. వార్త స్వరాన్ని కొలిచే యంత్రాలు తెలుగు ఎత్తిపొడుపును, వ్యంగ్య శీర్షికను తరచుగా పొగడ్తగా లెక్కిస్తాయి. ఆ గుర్తింపును వచ్చిన వార్తలను వరుసలో పెట్టుకోవడానికి వాడండి, వార్తలను ఆపే షరతుగా సేవ్ చేయకండి.

## పదిమంది వాడేటప్పుడు

షేర్ చేసిన ఫిల్టర్‌ను ఎవరో మార్చేశారు. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?

ఉమ్మడి ఫిల్టర్‌లో ఒకరు చేసిన మార్పు అందరి అలర్టులనూ మారుస్తుంది. మార్చే హక్కు ఇద్దరికే ఇచ్చి, మిగిలినవారికి చూసే హక్కు ఉంచండి. ఇద్దరు ఎందుకంటే ఒకరు సెలవులో ఉన్న రోజునే పేరు మారే వార్త వస్తుంది. తమకు వేరే రూపం కావాలనుకునేవారు నకలు తీసుకుని సొంత పేరుతో సేవ్ చేసుకోవాలి.

ఫిల్టర్లు చేసిన ఉద్యోగి మానేశారు. ఖాతా మూసేస్తే అవి పోతాయా?

వ్యక్తిగత ఖాతాలో చేసినవైతే పోయే ప్రమాదం ఉంది. ఖాతా మూయకముందే యాజమాన్య హక్కును మరొకరికి బదిలీ చేయాలి. ముఖ్యమైన ఫిల్టర్లను మొదటినుంచీ సంస్థ ఉమ్మడి ఖాతాలోనే తయారుచేస్తే ఈ ఆందోళన ఉండదు.

వేరే సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నాం. పాత ఫిల్టర్లను తీసుకెళ్లవచ్చా?

ఫిల్టర్‌ను ఫైలుగా ఎగుమతి చేసినా మరొక సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా చదవడం అరుదు. తీసుకెళ్లగలిగేది షరతు పాఠమే, దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంచుకోవాలి. పదాల మధ్య దూరం చెప్పే గుర్తులు, నక్షత్రం ప్రవర్తన, శీర్షికకు పరిమితం చేసే పద్ధతి ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటాయి కనుక అతికించగానే పనయిందని అనుకోవద్దు. రెండింటినీ కొన్ని వారాలపాటు పక్కపక్కన నడిపి, ఒకదానిలో వచ్చి మరొకదానిలో రాని వార్తలను చూసుకున్న తరువాతే పాత చందాను ఆపండి.

## పాతబడినప్పుడు

ఎన్నాళ్లకోసారి ఫిల్టర్‌ను సరిచూడాలి?

మూడు నెలలకోసారి చూడటం కనీస నియమం. కానీ ఫిల్టర్లు క్యాలెండర్ ప్రకారం పాతబడవు, కథ మలుపు తిరిగిన రోజున పాతబడతాయి. 2021లో "ప్రైవేటీకరణ", "పెట్టుబడుల ఉపసంహరణ" అన్న మాటల చుట్టూ కట్టిన ఫిల్టర్‌కు 2025 నాటి "పునరుద్ధరణ ప్యాకేజీ" వార్తల్లో కొన్ని అందవు. విషయంలో కొత్త నిర్ణయం, కొత్త సంస్థ, కొత్త పేరు వచ్చిన వారమే ఫిల్టర్‌ను తెరవాలి.

పేరు మారిన తరువాత పాత పేరును తీసేయాలా?

తీసేయకూడదు, కొత్త పేరును ఆర్‌తో చేర్చాలి. అధికారికంగా పేరు మారినా పత్రికలు, పాఠకులు పాతదాన్ని చాలాకాలం వాడుతూనే ఉంటారు. పాత వార్తలు పాత పేరుతోనే ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర సమితి 2022లో భారత్ రాష్ట్ర సమితి అయింది. తెలంగాణలో 2024లో టీఎస్ స్థానంలో టీజీ రావడంతో ఆర్టీసీ పొడి పేరు మారింది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక ఎన్టీఆర్ పేరు తిరిగి వచ్చింది. మొదటి మార్పుకే పాత పేరు తొలగించినవారు రెండోసారి మళ్లీ మొదటినుంచి కట్టుకోవలసి వచ్చింది.

ప్రాంతం ఆధారంగా కట్టినవి కూడా ఇలాగే మారతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. "విశాఖపట్నం జిల్లా" అని ఎంచుకున్న ఫిల్టర్‌కు ఆనాటి నుంచి అరకు, నర్సీపట్నం వార్తలు అందకపోవడానికి కారణం ఇదే. అప్పుడే ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లా మరొక చిక్కు తెచ్చింది. ఆ పేరు దివంగత ముఖ్యమంత్రిది, ఒక సినిమా నటుడిది, కొన్ని పథకాలది కూడా కావడంవల్ల "ఎన్టీఆర్ జిల్లా" అన్న మాటను కొటేషన్లలో పెట్టి వెతకాలి.

ఫిల్టర్ మార్చిన నెలలో గ్రాఫ్ ఒక్కసారిగా పెరిగింది. పై అధికారికి ఏం చెప్పాలి?

పెరిగినది వార్తలు కావు, మీ వల వెడల్పు అని చెప్పాలి. గ్రాఫ్‌పై మార్పు జరిగిన తేదీ దగ్గర నిలువు గీత గీసి కారణం రాయండి. వీలైతే కొత్త షరతును పాత నెలలకు కూడా నడిపించి మొత్తం గ్రాఫ్‌ను తిరిగి గీయండి. పాత షరతును చెరిపేయకుండా వేరే పేరుతో ఉంచితే, రెండు లెక్కల మధ్య తేడా ఎంతో ఎవరు అడిగినా చూపించవచ్చు.

ఎవరూ వాడని ఫిల్టర్లను తొలగించవచ్చా?

ఏ నివేదికా, ఏ డ్యాష్‌బోర్డూ దానిపై ఆధారపడలేదని నిర్ధారించుకున్న తరువాత తొలగించవచ్చు. ముందు అలర్టును ఆపి, పేరుకు ముందు "వాడుకలో లేదు" అని చేర్చి ఒక నెల ఉంచండి. ఎవరూ అడగకపోతే షరతు పాఠాన్ని ఉమ్మడి ఫైలులోకి ఎక్కించి తీసేయండి. ఎన్నికల వంటి ఐదేళ్లకోసారి వచ్చే అంశాల ఫిల్టర్లను ఈ లెక్కన చూడకూడదు. వాటికి అలర్టు మాత్రమే ఆపి, తదుపరి ఎన్నికల ప్రకటనకు కొన్ని నెలల ముందు అభ్యర్థుల పేర్లు, నియోజకవర్గాల పేర్లు సరిచేసుకుని మళ్లీ తెరవాలి.